చలికి వణికిన ఇంజిన్

నేను అరబ్బు దేశంలో, సముద్రం ఒడ్డున ఉన్న కల్బాలో నర్సును. రెండేళ్ల కిందటి మాట. మా ఆయన కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, తన మోటారు పడవను చూసుకోమని ఆయనకు అప్పగించాడు. అంతే, మా ఇంట్లో ఒక ఇంజినీరు పుట్టాడు.

ఇక్కడ జనం సముద్రం మీద షికారుకు వెళ్లేదే చలికాలంలో. ఎండాకాలం పడవ మీద చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టే. అయినా ఈయన ఏదో మంచుదేశపు వీడియో చూసి, డిసెంబరు రాగానే ఇంజిన్‌లో నీళ్లు తీసేసి, తుప్పు పట్టకుండా లోపలంతా నూనె కొట్టి, పట్టా కప్పి నిద్రపుచ్చాడు.

"ఏవండీ, ఇక్కడ మంచెక్కడిది?" అన్నాను.

"నీకు తెలీదే, నీళ్లు గడ్డకడితే ఇంజిన్ పగిలిపోద్ది!" అన్నాడు, నుదుటి చెమట తుడుచుకుంటూ.

క్రిస్మస్ మర్నాడు ముదీర్ పిల్లలతో వచ్చి, మమ్మల్నీ ఎక్కించుకుని, "యల్లా", అంటే పదండి, అంటూ తాళం తిప్పాడు. లోపలి నూనె కాలి తెల్లటి పొగ మమ్మల్ని కమ్మేసింది. పిల్లలు కెవ్వుమన్నారు.

"నిప్పంటుకుంది, దూకెయ్యండి!" అని అరిచి, నన్ను వదిలేసి మా ఆయనే ముందు దూకాడు. పెళ్లినాడు పాస్టరుగారు కష్టంలోనూ సుఖంలోనూ అన్నారే గాని, పొగలోనూ అనలేదు పాపం.

కాసేపటికి పొగ తేలిపోయింది. మంటా లేదు, మసీ లేదు. నేను ముదీర్‌కు అసలు సంగతి చెప్పేశాను. ఆయన వంగి, నడుంలోతు నీళ్లలో నిలబడ్డ మా ఆయన్ని నీళ్లు చల్లగా ఉన్నాయా అని హిందీలో అడిగాడు: "పానీ ఠండా హై?"

"నహీ సార్... గరమ్ హై."

నీళ్లలో మునిగినా మా ఆయన జ్ఞానం తడవలేదు. ఇప్పటికీ ఏసీ పద్దెనిమిదిలో పెట్టి, రగ్గు కప్పుకుని అవే వీడియోలు చూస్తుంటాడు. కల్బాలో చలికాలమంటూ ఉంటే, అది మా ఇంట్లోనే ఉంది.