టిక్కుటిక్కు

చొక్కాలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో ఏ పనికి ఎంతసేపు పడుతుందో కొలవడమే అతని ఉద్యోగం. మెడలో స్టాప్‌వాచీ వేలాడుతుంటుంది గనక అందరూ అతన్ని టిక్కుటిక్కు అంటారు. నొక్కీ నొక్కీ బొటనవేలి మీద కాయ కాసింది. రోజంతా ఎవరో ఒకరి భుజం వెనక నిలబడీ నిలబడీ మెడ ముందుకు వంగిపోయింది. ఇంట్లో వంటగది గుమ్మంలో నిలబడినా భార్య, "అక్కడ నిలబడకండి, నా చెయ్యాడదు" అంటుంది. వెళ్ళి కుర్చీలో కూలబడతాడు. ఫ్యాక్టరీలో అతను పక్కకొస్తే చాలు, కుట్టేవాళ్ళ చేతులు బరువెక్కుతాయి. దారం తెగుతుంది, దాహమేస్తుంది. ఆ నాటకం అతనికి తెలుసు, తెలియనట్టే రాసుకుంటాడు.

మొన్న కాలర్లు కుట్టే పెద్దావిడ దగ్గర నిలబడ్డాడు. వయసు మీదపడిందని మాన్పించేస్తారన్న భయంతో ఆవిడ కళ్ళజోడు ఒళ్ళో దాచుకుని, ఊపిరి బిగబట్టి కుట్టింది. ఆ వేగమే రాస్తే రేపట్నుంచి వరస మొత్తం అలాగే కుట్టాలి. పక్క మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"వాచీ ఆగిపోయిందమ్మా, మళ్ళీ మొదలుపెట్టండి" అన్నాడతను.

ఆవిడ ఇంకా జోరుగా కుట్టింది.

"మళ్ళీ ఆగింది."

"ఇంకా తొందరగా కుట్టగలను బాబూ" అందావిడ.

"తెలుసమ్మా. ముందు ఆ కళ్ళజోడు పెట్టుకోండి."

ఆవిడ కాసేపు అతని మొహంలోకి చూసింది. ఒళ్ళోంచి కళ్ళజోడు తీసి, తీరిగ్గా తుడిచి పెట్టుకుంది. దారం సరిచూసుకుంది. మంచినీళ్ళు తాగింది. అప్పుడు కాలరు అందుకుంది.

వాచీ మాత్రం, ఆవిడ చెయ్యి కళ్ళజోడు మీద పడ్డప్పుడే నడవడం మొదలుపెట్టింది.