పైనున్న ఫోటో

ధర్మపురి దాటాక గోదావరి ఒడ్డున ఒక హైస్కూలు ముందు మా ట్రక్కు ఆగింది. వాన ఆగలేదు. వరద సాయానికి వచ్చిన ఆర్మీ దళంలో నేను సిగ్నల్స్ హవల్దారును. నా సామాను రెండు రేడియో సెట్లు, ఒక జనరేటరు, ఒక కేబుల్ చుట్ట. మా ఊరు కరీంనగర్ పక్కనే కావడంతో తోటివాళ్లు నన్ను ఊరి దొరగారని ఆటపట్టించారు. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చుంటే, ఏ యుద్ధం చూశావని చుట్టాలు అడుగుతారు. నేను ఈ స్కూలు సంగతే చెబుతాను. వాళ్లకు నచ్చదు.

పదో తరగతి గది మా కంట్రోల్ రూమ్. బెంచీ మీద మాకంటే ముందొచ్చిన బృందం పెట్టిన చిన్న సర్వర్. డ్రోన్లు తీసిన ఫోటోలన్నీ అందులో చేరేవి. గదిలోని కంప్యూటర్లన్నీ నెట్‌వర్క్ మీద అదే ఫోల్డర్‌ను చూసేవి. కొత్తది పైన, పాతది కింద. మేజర్ సాబ్ పైనున్న ఫోటో చూసి బోటును పంపేవారు. ఉన్నది ఒకటే బోటు.

ఆ రోజు పొద్దున మా డ్రోన్‌కు నది నడుమ గడ్డ మీద గొర్రెలతో ఇద్దరు కనిపించారు. తండ్రీకొడుకులని తర్వాత తెలిసింది. బోటు అప్పటికే ఇంకో వైపు జనాన్ని దాటిస్తోంది. మధ్యాహ్నం అవతలి గట్టున ఉన్న ఇంకో బృందం, తమ డ్రోన్ అదే గడ్డ మీద తీసిన ఫోటోల కట్ట పంపింది. పంపడమే వాళ్ల పని, చూసేది మా గది.

మూడింటికి మేజర్ సాబ్ ఫోల్డర్ తెరిచారు. పైనున్న ఫోటో టైం రెండూ యాభై. గడ్డ విశాలంగా ఉంది. "వీళ్లకు ఇంకా టైం ఉంది. ముందు దిగువన మునుగుతున్న వాడకు పోండి," అన్నారు. కింది ఫోటో ఎవరమూ తెరవలేదు.

కాసేపటికి బోటు నడిపే నాయక్ రేడియోలో పలికాడు. నిర్మల్ వైపు మనిషి. "అన్నా, నీళ్లు జోరు మీదున్నయ్. పైన డ్యాంకు ఇంకిన్ని గేట్లు ఎత్తిండ్రట."

పైనున్న ఫోటోను మళ్లీ చూశాను. నీళ్లు పెరుగుతుంటే గడ్డ తగ్గాలి కదా. కింది ఫోటో తెరిచాను. టైం రెండూ పది. గడ్డ కల్లమంత కూడా లేదు.

డ్రోన్ ఆపరేటర్‌ది ఆసిఫాబాద్. "పైనున్నది ఎప్పుడు తీసినవ్ తమ్మీ?" అన్నాను.

"పొద్దుగాలనే అన్నా. తొమ్మిదీ ఇరవైకి."

"గీడ రెండూ యాభై చూపెడుతుంది."

"గట్లెట్లయితది?"

ఐదున్నర గంటల తేడా. డ్రోన్ తన మెమరీ కార్డు మీద గడియారం అంకెల్ని మాత్రమే రాస్తుంది, అది ఏ దేశపు టైమో రాయదు. కార్డును నేరుగా సర్వర్‌కు పెడితే, సర్వర్ ఆ తొమ్మిదీ ఇరవైని గ్రీనిచ్ టైం అనుకుంది. మన ఐదున్నర కలిపి నెట్‌వర్క్‌లో అందరికీ చూపించింది. అవతలి గట్టువి మన టైం పెట్టుకున్న ల్యాప్‌టాప్ ద్వారా వచ్చాయి కాబట్టి వాటి టైం సరిగ్గానే ఉంది. పొద్దుటి ఫోటో వాటి నెత్తినెక్కి కూర్చుంది.

మేజర్ సాబ్‌కు చెప్పాను. ఆయన వెంటనే రేడియో అందుకున్నారు. బోటును వెనక్కి తిప్పించారు. ఎదురు ప్రవాహం. వాళ్లు వెళ్తుండగానే నేను సర్వర్ సెట్టింగులో ఒక్క వరుస మార్చాను, ఫోటోలు వాటి వాటి చోట్లకు చేరాయి. నాకు కోపం వచ్చింది. ఎవరి మీద కోపమో తెలియలేదు.

చాలాసేపటికి రేడియో పలికింది. "ఒక్కడే దొరికిండన్నా. తుమ్మచెట్టు పట్టుకొని ఉన్నడు."

కొడుకును స్కూలుకు తెచ్చారు. దుప్పటి కప్పి చాయ్ ఇచ్చాను. తాగలేదు.

"పొద్దుగాల నీళ్లు మోకాళ్ల మట్టుకే ఉండె సారు," అన్నాడు. "దాటుదాం పా అన్నడు మా బాపు. అప్పుడే మీ మిషిన్ మా నెత్తి మీదికొచ్చింది. మనల చూసిండ్రు, ఇగ వస్తరు, గొర్లను ఇడిసి ఎట్ల పోతమని నేనే ఆపిన. పగటాల మిషిన్ మళ్ల వచ్చి చూసింది గద సారు?"

చల్లారిన చాయ్ గ్లాసు తీసి పక్కన పెట్టాను.

వరద తీశాక దళం వెనుదిరిగింది. సెలవు మీద ఇంటికొచ్చి, అమ్మ పెట్టిన అన్నం ముందు కూర్చున్నాను. కళ్ల ముందు ఆ కింది ఫోటోనే. ఒకదానికొకటి ఒరుసుకుని నిలబడ్డ గొర్రెలు, వాటి మధ్య ఇద్దరు మనుషులు. కొడుకు తలెత్తి మాకేసి గొంగడి ఊపుతున్నాడు. ముసలాయన మమ్మల్ని చూడటం లేదు. నీళ్లవైపు చూస్తున్నాడు.