చీనీతోటకు లాంథనం

ముందే ఒప్పుకుంటున్నాను, నాకు ఏదీ ఉన్నదున్నట్టు చెప్పడం చేతకాదు. మా ఇంట్లో నా మాటలో మూడొంతులు తీసేసి మిగిలింది వింటారు. మీరూ అలాగే కానివ్వండి.

పులివెందుల దగ్గర మా అక్కావాళ్ల చీనీతోటలో, అంటే బత్తాయి తోటలో, డ్రిప్పుకు నీళ్లిచ్చే కుంటకు ఆ ఏడు పాచి పట్టింది. మేకలు దిగి, కడుపునిండా మేసి, ఒడ్డెక్కేంత పాచి. పైపుల కన్నాలు పూడుకుపోయి చెట్లకు నీళ్లందడం లేదు.

"పిందంతా రాలిపోతాందప్పా! కెమిస్ట్రీ చెప్తాండావు గదా, ఏమన్నా జెయ్" అన్నాడు బావ ఫోన్లో.

ప్రొద్దుటూరులో నేను పాఠాలు చెప్పే కాలేజీలో లాంథనం నైట్రేట్ సీసా ఒకటి మూలన పడి ఉంది. లాంథనం అరుదైన మృత్తిక లోహమని పుస్తకాల మాట. ఆ నైట్రేటును నీళ్లలో కరిగించి, అమ్మోనియా చుక్కచుక్కగా పోస్తే పాలు విరిగినట్టు తెల్లగా తేలింది. అదే లాంథనం హైడ్రాక్సైడ్. వడగట్టి, ఎర్ర లిట్మస్ నీలం కావడం మానేదాకా కడిగాను. పెన్నలో ఆ ఏడు పారినన్ని నీళ్లు ఖర్చయ్యాయి. సన్నని వేడిమీద ఆరబెడితే గుప్పెడు పొడి మిగిలింది. అది నీళ్లలో కరగదు. నీళ్లలోని ఫాస్ఫేటును మాత్రం పట్టుకుని వదలదు. ఫాస్ఫేటు లేకపోతే పాచికి పస్తే.

జమ్మలమడుగులో బస్సు మారి, డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే పక్కాయన, "ముగ్గుపిండికి ఇంత భద్రమేందప్పా?" అన్నాడు.

కుంటనీళ్లు గుడ్డలో వడగట్టి, రెండు బకెట్లలో పోసి, ఒకదాంట్లో పొడి వేసి వచ్చాను. పది రోజులకు మళ్లీ వెళ్తే పొడి లేనిది పచ్చబడింది. రెండోది అడుగు కనిపించేంత తేటగా ఉంది.

"మరి కుంటంతటికీ?" అన్నాడు బావ ఆశగా.

"లారీడు కావాల బావా."

బావ చెట్టు కింద రాలిన పిందెను కాలితో కదిపాడు.

అప్పుడు తట్టింది నాకు. "అది సరే గానీ, ఫాస్ఫేటు ఎరువు కలిపే డ్రమ్ము యాడ కడుగుతాండావు?"

"కుంటలోనే. ఇంగ యాడ కడగాల?"

మరునాటి నుంచి డ్రమ్మును చెట్ల పాదుల్లో కడిగారు. పాచి తోడేసి, కుంట ఖాళీ చేసి, బోరు నీళ్లు నింపారు. పిందె సగం అప్పటికే పోయింది. మిగతా సగం నిలిచింది.

ఇందులో మిగతావన్నీ పెంచి చెప్పినవే, కల్పించింది ఒక్కటి. డ్రమ్ము సంగతి అడిగింది నేను కాదు, మా అక్క. ఆ రెండు బకెట్లకేసి కాసేపు చూసి, "పస్తు పెడితే చస్తాంది సరే, ఇన్నాళ్లూ దానికి తిండి పెట్టిందెవురు?" అని మొగుణ్ణి నిలదీసింది. నేనప్పుడు లారీకి ఎన్ని సీసాల నైట్రేట్ పడుతుందో లెక్క వేస్తున్నాను.