ముదలియార్‌పేట పోకర్ పలక మీద కొత్త పేరు

పోకర్ ఛాంపియన్‌షిప్‌ల చరిత్ర రాస్తానని బ్లాగులో గొప్పగా ప్రకటించి ఆరు నెలలైంది. అమెరికాలో మొదటి ఏడాది ఆటగాళ్ళంతా ఓట్లేసి విజేతను ఎన్నుకున్నారని, మరుసటి ఏడాది నుంచి పందెం బిళ్ళలన్నీ ఒక్కరి ముందుకు చేరేదాకా ఆడే పద్ధతి వచ్చిందని, చాలా ఏళ్ళ తర్వాత ఇంటర్నెట్‌లో చిన్న ఆట గెలిచి వచ్చిన అనామకుడొకడు నెగ్గేసరికి లోకమంతా ఎగబడిందని రాశాను. అంతా చదివి రాసిందే. ఇంతలో ఒక పాఠకుడు "పుదుచ్చేరిలో మావాళ్ళూ ఏటా ఆడతారు, డబ్బుల్లేకుండా, చింతగింజలతో. వచ్చి చూడండి" అని రాశాడు. ఇక ఆగలేకపోయాను.

ఆదివారం ఉదయం ఐదున్నరకు చెన్నైలో బస్సెక్కితే తొమ్మిదిన్నరకు పుదుచ్చేరి బస్టాండులో దిగాను. టికెట్టు రెండు వందల లోపే. ముదలియార్‌పేటకు టౌను బస్సులున్నాయి గానీ, బద్ధకించి వంద రూపాయలకు ఆటో మాట్లాడుకున్నాను. నా ఫోను మాటలు విని డ్రైవరు తెలుగులోకి దిగాడు. "అదేందన్నా, అందరూ బీచికి పోతారు, మీరు సీట్లాట చూసేదానికి వచ్చినారా?" పేకముక్కల్ని ఇక్కడ సీట్లంటారు.

ఆట కమలమ్మగారి మేడ మీద, రేకుల కింద. గోడకు పెద్ద చెక్క పలక, దాని మీద ఏ ఏటికి ఆ ఏటి విజేతల పేర్లు, అన్నీ తమిళంలోనే. కమలమ్మ అరవై దాటిన మనిషి. నాకు ఇడ్లీలు వడ్డిస్తూనే సంగతి చెప్పింది. "ఈ ఆట పేటకు తెచ్చిందే మా నాయన గురవయ్య, సార్. మిల్లులో పనిచేసేవాడు. మూడు తూర్లు ఆఖరాట దాకా పోయి ఓడిపోయినాడు. ఆ పలకలో యాడా ఆయన పేరు లేదు. పోయేటప్పుడు గూడా అదే చెప్పుకోని ఏడ్చినాడు." ఆడవాళ్ళను ఆటకు రానిచ్చింది ఈ ఏడాదేనట. "ఇన్నేండ్లూ కాఫీలు పోస్తా నిలబడి నేర్చుకున్నా. ఈపొద్దు గెలవాల." అంటూ నాకింకో ఇడ్లీ వేసింది.

పేటల్లో, పల్లెల్లో ముందే చిన్న ఆటలు గెలిచివచ్చిన పన్నెండు మందితో పదిన్నరకు మొదలైంది. మనిషికి యాభై చింతగింజలు. అవి అయిపోయినవాళ్ళు లేచి మధ్యాహ్నం వంటకు కూరగాయలు తరగాలి, అదీ ఇక్కడి ఆనవాయితీ. కమలమ్మ భర్త మునుసామి, బోర్డులు రాసే పెయింటరు, అందరికంటే ముందు లేచి ఉల్లిపాయలతో కత్తిపీట ముందు కూర్చున్నాడు. "కంట్లో నీళ్ళు ఎర్రగడ్డల వల్ల సార్, నమ్మండి!" అన్నాడు.

రెండున్నరకు ఇద్దరే మిగిలారు: కమలమ్మ, ఏంబలం నుంచి వచ్చిన ఒక వరి రైతు. "అక్కా, పోయి సాంబారు చూసుకోరాదా?" అని రైతు కవ్వించాడు. "అది నువ్వే చూద్దువులే తంబీ, కూచో" అంటూ ఆమె తన గింజలన్నీ ముందుకు తోసింది. రైతు నవ్వి తనవీ తోశాడు. అతనివి రాజుల జత. ఆమెవి మూడు ఏడులు, జత కంటే పెద్దవి. మేడంతా ఈలలు! సిగ్గు లేకుండా నేనూ అరిచాను.

గెలిచినవాళ్ళ పేరు అప్పటికప్పుడే ఎక్కాలి. మునుసామి కుంచె పట్టుకుని స్టూలెక్కి, ముందుగా ఒక అక్షరం రాశాడు. అది 'ము' అని పక్కాయన నాకు చెప్పాడు. పెళ్ళయిన ఆడవాళ్ళ పేరుకు ముందు భర్త పేరులోని మొదటి అక్షరం పెట్టడం ఇక్కడ మామూలే.

"చెరిపేయయ్యా" అంది కమలమ్మ.

"ఏందే? రేషన్ కార్డులో గూడా నా అక్షరమే గదా!"

"రేషన్ కార్డులో ఉండనీ. ఈడ మా నాయనది రాయి."

మునుసామి స్టూలు దిగాడు. గుడ్డను కిరసనాయిల్లో ముంచాడు.

చరిత్ర అంటే గెలిచినవాళ్ళ జాబితా అనుకుని ఇన్నాళ్ళూ రాశాను. ఓడినవాళ్ళ కోసం ఒక్కసారైనా వెతకలేదు, అందుకు సిగ్గుగా ఉంది. ఆట ఏడాదికొక్కసారే అయినా పలక ఎప్పుడూ ఉంటుంది. వెళ్ళదలచుకుంటే పొద్దున పూటే వెళ్ళండి, మధ్యాహ్నం కమలమ్మ కునుకు తీస్తుంది. తమిళం రాకపోతే పాత పేర్లు ఎవరైనా చదివిపెడతారు. చివరిది మాత్రం కమలమ్మ చేతే చదివించుకోండి. ముందున్న ఆ ఒక్క అక్షరాన్ని ఆమె "గురవయ్య" అని పూర్తిగా చదువుతుంది.