పిల్లి తీసిన గ్రూపు ఫోటో

ఊరంతా పిల్లి అని పిలుచుకునే ఆ పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫరు జన్మలో ఏ మనిషినీ "ఇటు చూడండి" అని అడగలేదు. "కాస్త నవ్వండి" అనలేదు. "గడ్డం కొంచెం పైకి" అనలేదు. కెమెరా పట్టినవాడు ఈ మూడు ముక్కలూ అనకుండా బతకడమంటే, క్షవరం చేసేవాడు "తల వంచండి" అనకుండా బతకడం లాంటిది. అయినా ఆయన బతికాడు. బతికినంతకాలం ఆయన తరఫున మాటలు పడింది మాత్రం చెల్లెలు.

అన్నాచెల్లెళ్ళిద్దరిదీ ఒకటే స్టూడియో. బజారు నడిబొడ్డున, టైర్ల షాపు పైన మొదటి అంతస్తు. ఆయన ఫోటోలు తీసేవాడు. ఆవిడ బల్ల దగ్గర కూర్చుని, ఆ ఫోటోలు ఎందుకలా ఉన్నాయో వచ్చినవాళ్ళకి నచ్చజెప్పేది. రెండో పనే కష్టమని ఆవిడ గట్టి నమ్మకం.

పాస్‌పోర్టు సైజు ఫోటోకి వచ్చినవాళ్ళని కూడా ఆయన వదల్లేదు. ఓ బ్యాంకు గుమాస్తా వచ్చి కుర్చీలో కూర్చుని, ఊపిరి బిగబట్టి, ఇంజెక్షనుకి చెయ్యి చాపినవాడిలా ఎదురుచూస్తున్నాడు.

"మీ ఇంట్లో కుక్క ఉందాండీ?" అన్నాడు పిల్లి.

"ఉందండీ. మీకెలా తెలుసు?"

"ప్యాంటు నిండా బొచ్చుంది. బాగా అల్లరా?"

"అల్లరా! నా చెప్పులు ఒక్క జత మిగల్చలేదండీ" అంటూ గుమాస్తా మొదలుపెట్టాడు. ప్యాంటు దులుపుకుంటూ, చెప్పుకుంటూ, మురిసిపోతూ చాలాసేపటికి ఈ లోకంలోకి వచ్చి, "మరి ఫోటో ఎప్పుడండీ?" అన్నాడు.

"అయిపోయిందిగా!"

"ఇందులో ఒక చెవీ, ఓ నవ్వూ తప్ప ఏమీ కనిపించడం లేదు" అని పాస్‌పోర్టు ఆఫీసువాళ్ళు దాన్ని తిప్పి పంపారు. గుమాస్తా భార్య దాన్నే పెద్దది చేయించి పటం కట్టించుకుంది. అప్పటినుంచీ పాస్‌పోర్టు సైజు వాళ్ళని చెల్లెలు మెట్లెక్కనివ్వకుండానే ఎదురు స్టూడియోకి సాగనంపేది.

ఇక పెళ్ళిళ్ళ సంగతి. హాల్లోకి ఆయన అడుగుపెట్టడం అందరూ చూసేవాళ్ళు. ఆ తర్వాత ఎక్కడున్నాడో దేవుడికీ, ఆల్బానికీ మాత్రమే తెలిసేది. కర్టెన్ల వెనక, స్తంభాల చాటున, పేర్చిన కుర్చీల సందున. పిల్లి అన్న పేరు ఊరికే రాలేదు. ఓసారి భోజనాల బల్ల కింద దూరాడు. పైన కూర్చున్న పెద్దాయన, పాదాలకి ఏదో మెత్తగా తగులుతోందని సంతోషించి, భోజనం అయ్యేదాకా రెండు కాళ్ళూ దానిమీదే ఆనించుకున్నాడు. చెయ్యి కడుక్కోవడానికి లేవబోతుంటే ఆ మెత్తటిది "అయిందాండీ?" అని అడిగింది. పాపం ఆ పెద్దాయనకి పట్టుకున్న ఎక్కిళ్ళు పెళ్ళి ముగిసేదాకా తగ్గలేదు. ఇంకోసారి స్టోరు గదిలో దొంగ దూరాడని కాపలావాడు బయట గడియ పెట్టేశాడు. చెల్లెలు వెళ్ళి, "ఆ దొంగ మావాడే బాబూ" అని విడిపించుకొచ్చింది.

"అన్నయ్యా, నిన్ను పిలిచి పని చెప్పారు. దొంగతనానికి వచ్చినవాడిలా ఆ నక్కడం ఏంటి?"

"నన్ను చూస్తే బిగుసుకుపోతారే. బిగుసుకుపోయాక ఇక తీయడానికేం మిగుల్తుంది? బట్టలు."

"పోనీ ఆ బట్టలన్నా తిన్నగా తియ్యి! అవి కుట్టినవాడైనా సంతోషిస్తాడు."

ఆ ఊళ్ళో పెళ్ళికొడుకులకి పెళ్ళికన్నా ట్రాఫిక్కు పెద్ద గండం. ఒకతని కారు ఫ్లైఓవరు కింద చిక్కుకుపోయింది. ముందు బస్సు, వెనక బస్సు. వేళ మించిపోతోందని పెళ్ళికొడుకు కారు దిగి, కొత్త బూట్లు కరుస్తుంటే వాటిని విప్పి చేత్తో పట్టుకుని, కూరగాయల బజారులోంచి పరుగందుకున్నాడు. పిల్లి అతని ముందు వెనక్కి వెనక్కి పరుగెత్తుతూ ఫోటోలు తీశాడు. బస్సు కిటికీల్లోంచి జనం ఈలలు వేశారు. ట్రాఫిక్ పోలీసు రెండు చేతులూ అడ్డం చాచి రోడ్డంతా ఆపేశాడు. వెనక ఏముందో చూడని పిల్లి వెళ్ళి వెళ్ళి టమాటాల బుట్టలో కూర్చున్నాడు. కూర్చునే నొక్కాడు. పెళ్ళికొడుకు గాల్లో, బూట్లు గాల్లో, పోలీసు చేతుల వెనక ఊరంతా ఆగిపోయిన ఆ ఫోటోయే ఆల్బానికి అట్ట అయింది. టమాటాల ఆవిడని బతిమాలుకునే పని మామూలుగానే చెల్లెలి వంతుకొచ్చింది.

అయితే అందరూ అట్ట చూసి మురిసిపోయేవాళ్ళు కారు. ఓ పెళ్ళికూతురి తల్లి వచ్చి ఆల్బాన్ని బల్లమీద దబ్బున పడేసింది.

"ఒక్కదాంట్లో అన్నా మేం ఎదురుగా చూస్తున్నామా? ఎవరి గోల వాళ్ళదే!"

"పెళ్ళిలో జరిగేది అదేగా వదినగారూ" అంటూ చెల్లెలు తాపీగా పేజీ తిప్పింది. కోపంతో వచ్చిన ఆడవాళ్ళందరినీ ఆవిడ వదినగారూ అనే పిలిచేది. "ఇది చూశారా? స్తంభం చాటున కళ్ళు తుడుచుకుంటున్నారే, ఎవరాయన?"

ఆవిడ వంగి చూసింది. "మా ఆయనే! ఏడ్చాడా? నాతో తలనొప్పి అన్నాడే!"

ఆల్బం చంకన పెట్టుకుని మెట్లు దిగిపోయింది.

కానీ పేజీ తిప్పేదాకా ఆగేవాళ్ళు రానురాను తగ్గిపోయారు. ఎదురు స్టూడియోవాడు పొగ వదిలే యంత్రం తెచ్చాడు. పెళ్ళికూతురిని మేఘాల్లోంచి నడిపిస్తున్నాడు. పిల్లి స్టూడియో మెట్లమీద దుమ్ము పేరుకుంటోంది. సరిగ్గా అప్పుడు సర్వేయరుగారు వచ్చాడు, కూతుర్ని వెంటబెట్టుకుని, జేబులో టేపుతో.

పొలాలూ స్థలాలూ కొలిచీ కొలిచీ ఆయనకి లోకంలో వంకర ఏదున్నా కంట్లో నలుసులా ఉండేది. కూర్చునే ముందు బల్లమీది కలంస్టాండుని తిన్నగా జరిపాడు.

"మా అమ్మాయి మీరే కావాలని పట్టుబట్టింది. సరే అన్నాను. మిగతావన్నీ మీ ఇష్టం. కానీ ఒక్కటి. మా వాళ్ళందరూ వరసగా, తిన్నగా, కెమెరా వైపు చూస్తూ ఒక్క గ్రూపు ఫోటో. మా హాల్లో సోఫా పైన గోడ ఖాళీగా ఉంది. కొలుచుకొచ్చాను."

"దానిదేముందండీ, తీస్తారు" అంది చెల్లెలు.

"మా అన్నదమ్ముల ఇళ్ళల్లో ఇంకా చాలా పెళ్ళిళ్ళున్నాయి. ఇది కుదిరితే అన్నీ మీకే. కుదరకపోతే..." అని ఆయన కిటికీలోంచి ఎదురు స్టూడియో వైపు చూశాడు. అక్కడ పొగ వస్తోంది.

"నేను మాటిస్తున్నానుగా!"

పెళ్ళికూతురు అంతసేపూ తల వంచుకుని బల్లమీద పరిచిన అద్దంకేసే చూస్తూ కూర్చుంది. లేచేటప్పుడు మెల్లగా పిల్లిని అడిగింది: "మీరు ఇటు చూడమని అనరట కదండీ? నిజమేనా?"

"నోరు తిరగదమ్మా" అన్నాడు పిల్లి.

వాళ్ళు మెట్లు దిగారో లేదో లోపల యుద్ధం మొదలైంది.

"మాటివ్వడానికి నువ్వెవరివే?"

"ఈ స్టూడియోలో సగందాన్ని. ఎదురువాడు మేఘాలు కురిపిస్తున్నాడు, మనం బూజు దులుపుకుంటున్నాం. నోరారా రెండు ముక్కలు. 'ఇటు చూడండి.' అంతే. ముత్యాలేం రాలిపోవు."

"ఫోటో తీస్తాను. ఆ మాట మాత్రం అనను."

"అనకుండా అంతమంది ఎలా చూస్తారు?"

"అది నా తంటా."

"నీ తంటాలన్నీ చివరికి నా నెత్తికే చుట్టుకుంటాయి. ఈసారి మాట పోయిందంటే బల్ల దగ్గర నువ్వే కూర్చో. నేను లేచిపోతాను." ఆవిడ ఎప్పుడూ అలా అనేది. ఆ రోజు మాత్రం నవ్వకుండా అంది.

పెళ్ళి బాగానే సాగింది. ఉంగరాలు మార్చుకున్నారు, చప్పట్లు కొట్టారు, కుర్చీల కోసం దెబ్బలాడుకున్నారు. పిల్లి పూలబుట్టల వెనక దూరి తన పని తాను చేసుకున్నాడు. చెల్లెలు మాత్రం రెండో కెమెరా మెడలో వేసుకుని సర్వేయరుగారినే కనిపెట్టి ఉంది.

భోజనాలు కాగానే సర్వేయరుగారు లేచాడు. చుట్టాలందరినీ వేదికమీద నిలబెట్టాడు. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక. ఒక కన్ను మూసి, బొటనవేలు చాచి, వరస తిన్నగా ఉందో లేదో చూశాడు. తాను వెళ్ళి కూతురి పక్కన నిలబడ్డాడు. పిల్లి కెమెరాని స్టాండుమీద బిగించి, దూరం నుంచి నొక్కే బటను చేతిలో పట్టుకున్నాడు. నోరు మాత్రం విప్పలేదు.

"ఊఁ, చెప్పరేం?" అన్నాడు సర్వేయరుగారు.

పిల్లి స్టాండు సరిచేస్తూ నిలబడ్డాడు. "అన్నయ్యా, అను!" అని చెల్లెలు పళ్ళ సందునుంచి అంది. ఆయన అనలేదు. చివరికి వరస కొసనుంచి మెడ ముందుకి చాచి ఒక బాబాయి, మైకు లేకుండానే మైకు ఉన్నంత గొంతున్నవాడు, ఆ పని తనే అందుకున్నాడు.

"అందరూ ఇటు చూడండీ! కెమెరా వైపు! ఏమ్మా పెళ్ళికూతురా, నువ్వూ చూడాలి!"

"చూస్తున్నాను బాబాయ్."

"ఎక్కడే చూస్తున్నావ్? అటెటో చూస్తున్నావ్. ఇటు చూడు తల్లీ!"

"ఇటే చూస్తున్నాను బాబాయ్."

ఎవరో కిసుక్కుమన్నారు. పక్కవాళ్ళు మోచేత్తో పొడిచారు. అప్పుడు చూసింది చెల్లెలు. పెళ్ళికూతురి ఒక కన్ను తిన్నగా కెమెరామీదే ఉంది. రెండోది కాస్త పక్కకి ఒరిగి ఉంది. మెల్లకన్ను. అంతదాకా తల ఎత్తి నవ్విన ఆ పిల్ల, చూస్తుండగానే తల దించేసుకుంది. బల్లమీది అద్దంకేసి అంతసేపు ఎందుకు చూసిందో, ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో చెల్లెలికి అప్పటికి అర్థమైంది. ఫోటో తీస్తే ఆ పిల్ల జీవితాంతం సోఫా పైన గోడమీద తల దించుకునే ఉంటుంది. తీయకపోతే స్టూడియో సంగతి అంతే.

పిల్లి ఏమీ ఎరగనట్టు ఓ ఎత్తు స్టూలు లాక్కొచ్చాడు. "అందరూ పడుతున్నారో లేదో పైనుంచి చూస్తానుండండి" అంటూ ఎక్కాడు. నిలబడ్డాడు. చేతులు చాచాడు. "అమ్మో!" అన్నాడు.

అంత మనిషీ గాల్లోకి లేచాడు. ఒక చెప్పు ఒక దిక్కుకీ, ఇంకోటి ఇంకో దిక్కుకీ ఎగిరాయి. చుట్టిపెట్టిన తివాచీలమీద వెల్లకిలా పడి, అక్కడినుంచి దొర్లి, నేరుగా పూలబుట్టలో తలపెట్టాడు. బుట్ట లోపలినుంచి, "ఏం ఫర్వాలేదండీ, పూలకి దెబ్బ తగల్లేదు!" అని వినిపించింది.

వేదిక వేదికంతా గొల్లుమంది. మైకు గొంతు బాబాయి నవ్వలేక పక్కవాడి భుజం పట్టుకుని వేలాడాడు. పెళ్ళికూతురు తల వెనక్కి వాల్చి, తండ్రి చెయ్యి పట్టుకుని, కళ్ళు మూసుకుపోయేలా నవ్వింది. ఆ మాటకొస్తే అందరి కళ్ళూ మూసుకుపోయాయి. ఎవరి కన్ను ఎటుందో చెప్పడం దేవుడి తరం కూడా కాదు.

ఆల్బం తీసుకోవడానికి సర్వేయరుగారు ఒక్కడే వచ్చాడు. గ్రూపు ఫోటో ముందు కూర్చున్నాడు. చెల్లెలు వదినగారూ అనలేక, బావగారూ అనలేక, బల్లమీది కలంస్టాండుని తిన్నగా జరిపింది.

"ఒక్కడూ కెమెరా వైపు చూడ్డం లేదు" అన్నాడాయన.

"లేదండీ."

"వరస మొత్తం వంకరపోయింది."

"పోయిందండీ."

"మా ఇంట్లో ఉన్న ప్రతి ఫోటోలో అమ్మాయి తల వంచుకునే ఉంటుంది." ఆయన జేబులోంచి టేపు తీసి ఫోటోకి ఆనించాడు. మళ్ళీ ఆనించాడు. "ఇంకా పెద్దది చేయండి. సోఫా అవతలికి జరుపుకుంటాను."

ఆయన వెళ్ళాక చెల్లెలు లోపలి గదిలోకి వెళ్ళింది. నడుం పట్టేసి బోర్లా పడుకున్న అన్న ముందు ఒక ఫోటో పెట్టింది. ఆయన పడ్డప్పుడు భయానికి ఆవిడ వేలు రెండో కెమెరామీద నొక్కుకుపోయింది. జన్మలో ఆవిడ తీసిన ఫోటో అదొక్కటే.

"స్టూలు కాలు విరిగిందన్నావు?"

"విరిగిందే."

"చూడు. నాలుగు కాళ్ళమీదా రాయిలా నిలబడి ఉంది. నువ్వే గెంతావు. ఆ బొటనవేలు చూడు, బటనుమీద ఎంత పదిలంగా ఉందో. పడేవాడి మొహమా అది? చెరుకుగడ దొరికిన ఏనుగు మొహంలా ఉంది. ఆ పిల్ల సంగతి నీకు ముందే తెలుసు కదూ?"

"ఏ పిల్ల?" అన్నాడు పిల్లి, మొహం దిండులో పెట్టుకుని. "ముందా నడుముకి ఏదన్నా రాయవే తల్లీ."

ఆవిడ రాసింది. కాస్త గట్టిగానే రాసింది. ఆ తర్వాత ఎప్పుడూ ఆయన్ని "ఇటు చూడండి" అనమని పోరలేదు.

ఆయన పోయాక గోడకి పెట్టుకోవడానికి ఫోటో కావలసి వచ్చింది. ఇంట్లోనూ స్టూడియోలోనూ ఎంత వెతికినా, ఊరందరి ముఖాలూ ఉన్నాయి కానీ, తీసినవాడి ముఖం లేదు. చివరికి చెల్లెలు తను తీసినదాన్నే పటం కట్టించి బల్ల పైన పెట్టింది. పలకరించడానికి వచ్చేవాళ్ళు మెట్లమీద గొంతు సవరించుకుని, మొహం బరువుగా పెట్టుకుని లోపలికి వచ్చేవాళ్ళు. తలెత్తి పటం చూసేవాళ్ళు. గాల్లో మనిషి, రెండు దిక్కులా రెండు చెప్పులు, పక్కన నిక్షేపంలా నిలబడ్డ స్టూలు. ఎంత పెద్దమనిషికైనా నవ్వు ఆగేది కాదు. వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "అయ్యో, క్షమించమ్మా" అనేవాళ్ళు.

"నవ్వండి, ఫర్వాలేదు" అనేది చెల్లెలు, కుర్చీ ముందుకి జరుపుతూ. "ఆయన గెంతిందే అందుకు."