మేళ్లచెరువు బంగారు చెవి

మీలో ఎవరైనా ఒక జంతుజాతి పుట్టుకనే తారుమారు చేశారా? నేను చేశాను. మంచం మీద వెల్లకిలా పడుకుని, ఒక్క బొటనవేలితో. నా పుణ్యమా అని దేశదేశాల మేకలకు ఈడొచ్చేసరికి చెవులు చీలి, అంచులు పచ్చబడుతున్నాయి. ఈ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను, తీరిగ్గా నవ్వుకోండి. మా కల్వకుర్తి వైపు వాళ్లకు మాత్రం చెప్పకండి. అక్కడ నేనింకా చదువుకున్నవాడి కిందే లెక్క.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో నాకు మేళ్లచెరువు దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పని దొరికింది. డిగ్రీలో జంతుశాస్త్రం చదివినవాణ్ణి కదా, అందుకని రాళ్లు పరీక్ష చేసే పని ఇచ్చారు. సున్నపురాయిని పిండి చేయడం, పిండిని కొలవడం, కొలిచింది పారబోయడం. షిఫ్టులు రోజుకో తీరు. నేను లేచేసరికి అందరూ పడుకునేవారు, అందరూ నవ్వుకునేసరికి నేను డ్యూటీలో ఉండేవాణ్ణి. ఊళ్లో ఒక గది కిరాయికి తీసుకున్నాను. గదిలో నేను, నా కుక్కరు. ఇద్దరిలో కాస్త మాట్లాడేది కుక్కరే.

ఇల్లుగలామె పేరు మహబూబ్ బీ. పెద్దామె, ఒక్కతే ఉంటుంది. నాకూ ఆమెకూ మధ్య ఒక గోడ. గోడకు ఆ పక్క ఆమె మేకలు. గది మాట్లాడి ఇప్పించింది ఆమె చెల్లెలి కొడుకు కాబట్టి మాకు మాటామంతీ అవసరం పడలేదు. ఆమె నన్ను చూస్తే కొంగు సర్దుకునేది, నేను ఆమెను చూస్తే చెప్పులు సర్దుకునేవాణ్ణి. కానీ నేను గదిలో ఉన్నప్పుడల్లా మాపటేళ గోడ అవతల నుంచి ఆమె గొంతు వినిపించేది.

"తిన్నవా బిడ్డా? గింతనే తిన్నవేంది? కడుపు నిండిందా?"

మేకలతో అన్నమాట. మీరు నవ్వకండి, నాకు ఆ మేకల మీద కుళ్లు పుట్టేది. ఆ ఊళ్లో దిగినప్పటి నుంచి నన్ను ఆ మాట అడిగినవారు లేరు. ఇంటికి ఫోను చేస్తే బాపు "మంచిగున్నవ్ గదా" అని తానే జవాబు చెప్పి పెట్టేసేవాడు. కొన్ని రోజులు డ్యూటీలో నోరు తెరవాల్సిన పని కూడా పడేది కాదు. గదికొచ్చి, గొంతు పనిచేస్తుందో లేదో చూద్దామని కుక్కరుతో "అయ్యిందా?" అనేవాణ్ణి.

అదిగో, అలాంటప్పుడు దొరికింది ఫోనులో ఆ మేకల ఆట. ఉత్తుత్తి మేకల్ని జత కలపాలి, పిల్లల్ని పెంచాలి, తల్లి రంగు ఎవరికొచ్చింది, తండ్రి కొమ్ము ఎవరికొచ్చింది చూసుకోవాలి. అందులో ఆడేవాళ్లంతా ఒకరికొకరు రాసుకునే ముచ్చట్ల అరుగు కూడా ఉంది. ఆడేవాళ్లెవరైనా కొత్త జన్యుమార్పు ఒకటి ప్రతిపాదించవచ్చు, అందరికీ నచ్చితే ఆటలో పెడతారు. మా తెలుగు మీడియం పుస్తకంలో దాన్ని ఉత్పరివర్తన అన్నారు. ఆ మాట పలికేలోపు మేక ఈనేస్తుంది.

నేను గమనించిందేమిటంటే, కొత్త మార్పు ప్రతిపాదించినవాడికి జవాబులు వస్తాయి. బోలెడన్ని. మనుషులు అడుగుతారు, వాదిస్తారు, "ఇంకా చెప్పు" అంటారు. నాకు కావలసింది అంతే. పేరు, పతకం ఎవడికి కావాలి? "ఇంకా చెప్పు" అనే మనిషి కావాలి.

ఇక గోడ మీదుగా తొంగి చూశాను. మహబూబ్ బీ నల్ల మేకకు ఎడమ చెవి అంచున చక్కగా ఒక గంటు ఉంది, తాటాకు చీల్చినట్టు. దాని రెండు పిల్లలకు లేదు. నల్లదాన్నీ, ఒక పిల్లనూ ఫోటో తీసుకున్నాను. నాలుగైదు రోజులు గడిచాక చూద్దును కదా, ఆ పిల్లకు అచ్చం అలాంటి గంటే! పైగా గంటు అంచున పసుపు వన్నె. రెండో పిల్లను కూడా ఫోటో తీశాను. నాలుగు రోజుల్లో దానికీ వచ్చేసింది!

నాకొచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టి అరుగు మీద రాశాను. "మా ప్రాంతంలో ఒక అరుదైన జన్యువు ఉన్నది. పుట్టినప్పుడు దాగి ఉంటుంది. కొద్దిగా ఎదిగాక ఎడమ చెవి చీలుతుంది. చీలేటప్పుడు అంచు బంగారు రంగులో మెరిసి, తర్వాత మామూలవుతుంది. పేరు, మేళ్లచెరువు బంగారు చెవి."

అరుగు దద్దరిల్లిపోయింది. ఏ దేశంవాడో తెలియదు, 'ముసలి తోడేలు' అని పేరు పెట్టుకున్న ఒకాయన రోజూ పలకరించడం మొదలుపెట్టాడు.

"ఈ రోజు మేకలు ఎలా ఉన్నాయి?"

"బాగున్నాయి. ఒకటి నావైపు చూసింది."

"మరి తండ్రి సంగతేమిటి? మేకపోతు చెవి ఎలా ఉంది?"

ఉత్సాహం పట్టలేక ఆ సాయంత్రమే దొడ్లోకి వంగి, పోతు చెవిని దారంతో కొలిచి, ఫోటో తీశాను. నున్నటి చెవి. రెండు రోజులాగి చూస్తే పోతుకూ గంటు! చెవికి బంగారు అంచు! పిల్లల నుంచి తండ్రికి పాకిన జన్యువు సృష్టిలో ఇదొక్కటే అయి ఉంటుంది. జంతుశాస్త్రం చదివినవాడికి ఇక్కడైనా అనుమానం రావాలి. నాకు రాలేదు. అనుమానం వస్తే జవాబులు ఆగిపోతాయి కదా.

ముసలి తోడేలు మాత్రం నమ్మలేక, "అది అసాధ్యం మిత్రమా" అని రాశాడు.

"మీ దేశంలో అసాధ్యం కావచ్చు. మాది రాళ్ల ప్రాంతం, సున్నం నీళ్లు" అని దబాయించాను.

చివరికి ఆటవాళ్లు ఒప్పుకున్నారు. బంగారు చెవి ఆటలోకి వెళ్లింది. అరుగు మీద పండగ. గదిలో నేనొక్కణ్ణే చప్పట్లు కొట్టుకున్నాను. పండగ పూర్తయ్యేలోపు ముసలి తోడేలు మరో కోరిక కోరాడు. బంగారు అంచును దగ్గర నుంచి తీసిన ఫోటో ఒకటి కావాలట.

డ్యూటీ దిగగానే దొడ్లోకి దూరి, మొన్న నేను ఫోటో తీశాక కొత్తగా గంటు పడ్డ ఒక మేకపిల్లను చంకనెత్తుకున్నాను. ఫోను తీశానో లేదో, వెనక నుంచి కట్టె పట్టుకుని మహబూబ్ బీ!

"దొరికినవ్! ఇడ్సిపెట్టు! మేకపిల్లను ఇడ్సిపెట్టు!"

"అమ్మా, నేను... మీ దగ్గర కిరాయికుండేటోన్ని."

"ఎరుకనే! రోజు మాపటికి గోడెక్కి చూస్తవ్. ఫోటోలు కొడ్తవ్. మొన్న పోతుకు దారమేసి కొలుస్తున్నవ్. నోట్లకెళ్లి ఒక్క మాట రాదు. గట్లాటోన్ని దొంగ గాకుంటే ఏమనుకోవాలె?"

"నేను మేకల కోసం రాలే అమ్మా, చెవుల కోసం వచ్చిన."

"చెవులా? చెవులు అమ్ముకుంటవా?"

"కాదమ్మా, పుట్టుకతోటే ఉండి తర్వాత చీలుతున్నయి గదా, ఆ గంటు..."

"పుట్టుకతోటా? నేనే కోసిన! కత్తెరతోటి కోసిన! నల్లదానికి కొన్ననాడే గంటున్నది. నువ్వు దేని ఫోటో కొడ్తే దానికి అదే గుర్తు పెట్టిన. సంతల అమ్మకానికి పెడ్తే పట్టుకుందామని. అంత నీ భయానికే!"

ఒక్కటే మిగిలింది అడగడానికి.

"మరి... బంగారు రంగు?"

"పసుపు! పెట్టకుంటే పుండు పడదా?"

మేకపిల్లను ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చున్నాను. ఏడవాలో నవ్వాలో తెలియక ఫోను తీసి ఆట చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, ఆమె మళ్లీ కట్టె అందుకుంది.

"నా మేకలు నీ ఫోన్లకెట్ల పోయినయి? దొంగను గాదంటివి!"

నిజం రాసేస్తే అరుగు మీద నా పరువు పోతుంది. పరువు పోయినా పర్వాలేదు, ముసలి తోడేలు కూడా పోతాడే అని భయం. అతను తప్ప నాకెవరున్నారు? రాయకపోతే మాత్రం ఇక ప్రతి మాటా కొత్త అబద్ధమే. కత్తెర సంగతీ, పసుపు సంగతీ, కట్టె సంగతీ అంతా రాశాను. ఆటవాళ్లు పడీ పడీ నవ్వి, బంగారు చెవిని అలాగే ఉంచారు. ఇప్పటికీ ఆ ఆటలో మెరిసేది మహబూబ్ బీ వంటింటి పసుపే. ముసలి తోడేలు జవాబు మాత్రం ఆలస్యంగా వచ్చింది.

"ఇన్నాళ్లూ మేకల గురించి ఎంతో చెప్పావు. పక్కన ఒక మనిషి ఉందని ఒక్కసారీ చెప్పలేదేం?"

మర్నాడు డ్యూటీ నుంచి వచ్చి తాళం తీస్తుంటే గోడ అవతల నుంచి రోజూ వినే గొంతే వినిపించింది. "తిన్నవా?" మేకలతో అనుకుని లోపలికి వెళ్లబోయాను.

"నిన్నే పిలగా! చెవులిన్ని చూస్తవ్, నీకు ఇనబడదా?"

ఆ రోజు ఆమె పెట్టిన జొన్నరొట్టె తింటుంటే నా పేరడిగింది. శ్రీశైలం అని చెప్పాను. అక్కడ నా పేరు ఎవరో అడగ్గా చెప్పడం అదే మొదటిసారి. తర్వాత ఫ్యాక్టరీ మారి నేను వెళ్లిపోయే రోజున, నల్ల మేకను నిమురుతూ అంది. "నీక్కూడ ఒక గంటు పెడ్త బేటా. యాడ తప్పిపోయినా మా ఇంటోడివని ఎరుకైతది."

కాబట్టి సమస్త మేకల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక నా జన్మలో ఏ జీవి చెవినీ దాని యజమానిని పలకరించకుండా కొలవను, ఫోటో తీయను, దానికి శాస్త్రం కట్టను. ఇది నా ఎడమ చెవి మీద ఒట్టు. అది ఇంకా నున్నగానే ఉంది. అప్పుడే పెట్టించుకోవలసింది.