టడెన్‌హామ్‌గారి తొట్టి పరీక్ష

అంబ్రోస్ టడెన్‌హామ్‌గారికి రాతి తొట్టి కనిపిస్తే చాలు, అంచంతా వేలితో తడమకపోతే ఆ పూట టీ సహించదు. తడిమి, కళ్లు మూసుకుని, "సందేహం లేదు, చర్చిదే!" అనేవారు. ఆయన లెక్కన మా నార్ఫోక్ జిల్లా పందులన్నీ బాప్తిస్మపు తొట్లలోనే కుడితి తాగుతున్నాయి.

వేలెందుకంటారా? పూర్వం పవిత్రజలాన్ని మంత్రగత్తెలు ఎత్తుకుపోతారని ఇక్కడి తొట్లకు మూతపెట్టి తాళం వేసేవారు. ఎడారుల్లో బావికి కాపలా పెట్టడం చూశాను. ఏడాది పొడవునా వాన కురిసే దేశంలో నీళ్లకు తాళమా! భక్తంటే అదీ. సీసం పోసి బిగించిన ఆ తాళపు కొక్కేలు ఊడబెరికిన గాట్లు అంచు మీద మిగిలిపోతాయి. ఆయన వెతుకులాట వాటికోసమే.

మా మార్ష్‌లీ చర్చి తొట్టిది మరీ వింత జాతకం. ఒక తరం సింహాలు చెక్కించింది. ఇంకో తరం అది విగ్రహారాధనంటూ వాటి ముక్కులు పగలగొట్టి, తొట్టిని వీధిలోకి దొర్లించింది. ఆ తర్వాతివాళ్లు చక్కెర గిన్నెంత పాలరాతి గిన్నె తెచ్చిపెట్టి నాగరికులైపోయారు. ఇప్పుడు కొత్త పాస్టరు ఫెల్గేట్‌గారికి పాతదే కావాలట. ఓడలు బళ్లయి, బళ్లు మళ్లీ ఓడలయ్యే ముహూర్తం వచ్చిందన్నమాట.

"దొరికిన మర్నాడే ట్రాక్టరు పంపిస్తాను," అన్నారు పాస్టరుగారు.

"ముప్పై ఏళ్లుగా వారానికొకటి దొరుకుతూనే ఉంది కదండీ," అన్నాను.

"నువ్వు ఊరుకోవయ్యా," అన్నారు టడెన్‌హామ్‌గారు.

ఆ శనివారం ముగ్గురం హెస్టర్ పాస్క్ అనే ముసలావిడ పెరట్లోకి వెళ్లాం. అక్కడో తొట్టి మట్టిలో గొంతుదాకా పూడుకుపోయి ఉంది. గోడను రాసుకుంటూ ఓ గుడ్డి గాడిద వచ్చి అందులో మూతి పెట్టింది.

"పట్టుకుపోతారా, నాయనా?" అంది హెస్టర్. "మా డోర్కస్‌కి కళ్లు లేవు. బక్కెట్లో పెడితే రెండురోజులు గుక్కెడు తాగలేదు. దానికి దారి తెలిసింది ఇక్కడికే."

"చక్కని ప్లాస్టిక్ టబ్బు కొనిస్తాం కదమ్మా," అన్నారు పాస్టరుగారు. దయామయులు!

టడెన్‌హామ్‌గారు మోకాళ్ల మీద కూర్చుని తడిమారు. వేలు ఒకచోట ఆగింది. సరిగ్గా దాని ఎదురంచున మళ్లీ ఆగింది. రెండు గాట్లు, లోపల సీసం. నాకూ కనిపించాయి. ఆయన చెవులు ఎర్రగా కందిపోయాయి.

"పందుల తొట్టి," అన్నారు లేచి, మోకాళ్లు దులుపుకుంటూ.

"నిశ్చయమేనా?"

"ఇంతవరకూ నేను కాదన్న తొట్టి ఒక్కటైనా ఉందా, పాస్టరుగారూ?"

ఆ సాక్ష్యానికి తిరుగేముంది? పాస్టరుగారు నిట్టూర్చి కారెక్కారు. మేమిద్దరం నడిచాం.

"గాట్లు నేనూ చూశాను," అన్నాను.

"చూస్తే చూశావులే."

"ముప్పై ఏళ్లు వెతికారు కదండీ!"

ఆయన వేలికంటిన మట్టిని కోటుకు తుడుచుకున్నారు.

"చర్చిలో పెడితే బాప్తిస్మానికి ఏడాదికి ముగ్గురు పిల్లలొస్తారు. ముగ్గురూ గుక్కపట్టి ఏడుస్తారు," అన్నారు. "ఆ గాడిదైతే రోజుకు రెండుసార్లు తనంతట తానే వస్తోందయ్యా."